తెగిన రోజు సంగతి

ధర్మవరంలో బెంగళూరు వైపు రైలెక్కితే ముందు పెనుకొండ, ఆ తర్వాత హిందూపురం. హిందూపురం దాటి గౌరిబిదనూరు వచ్చిందంటే కర్ణాటకలో పడ్డట్టే. మా పిల్లలు చదువు ముగియగానే ఎక్కే రైలు ఇదే. వేరుశనగ ఎండిపోయిన ఏడు మా పెద్దలు కూలి పనికి బెంగళూరు దారి పట్టేవాళ్ళు. వాళ్ళ మనవళ్ళు డిగ్రీలు పట్టుకుని కంప్యూటర్ కంపెనీలకు పోయారు. 2020లో కరోనా వచ్చాక పోయినవాళ్ళంతా ఊళ్ళకు తిరిగొచ్చారు. మిద్దెల మీద, రచ్చకట్టల మీద, చింతచెట్ల కింద, సిగ్నల్ రెండు గీతలు చూపించిన చోటల్లా ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నారు. చిన్నపిల్లలకు బడి కూడా ఫోనులోనే. ఆ ఏడాదే మా పల్లెల్లో ఇంటింటా ఒక కొత్త చర్చ మొదలైంది: ఏ నెట్టు పెట్టించుకుందాం?

నాకు ఇది చిన్న ప్రశ్నగా కనిపించదు. నెట్టు నిలకడగా ఉన్న ఇంట్లో కొడుకో కోడలో నెలలో కొన్నాళ్ళయినా ఊళ్ళో ఉండి ఉద్యోగం చేసుకోగలుగుతున్నారు. పెద్దవాళ్ళకు తోడు దొరుకుతోంది. నిలకడ లేని ఇంట్లో ఆదివారం సాయంత్రానికే బ్యాగులు సర్దుకుంటున్నారు. అందుకే ఎవరైనా వచ్చి "ఏది తీసుకోమంటారు సార్?" అని అడిగితే తొందరపడి ఒక కంపెనీ పేరు చెప్పలేను. కాసేపు కూర్చోబెట్టి, వాళ్ళ వీధి ఏది, ఇల్లు ఎట్లా కట్టారు, లైను ఎటు నుంచి వస్తుంది అని నేనే తిరిగి అడుగుతాను.

అందరూ మొదట అడిగేది స్పీడు. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు. 2013లో దాన్ని 512 చేశారు, 2023లో 2 మెగాబిట్లకు పెంచారు. ఇప్పుడు కరపత్రాల మీద వంద, రెండొందలు, మూడొందలు అని పెద్ద అక్షరాలతో కనిపిస్తున్నాయి. అవి మెగాబిట్లు, మనం ఫైళ్ళను కొలిచేది మెగాబైట్లలో. ఎనిమిదితో భాగిస్తేగానీ అసలు లెక్క తేలదు. ముప్పై స్పీడు ఉన్న ప్లానులో సెకనుకు నాలుగు మెగాబైట్లకు కాస్త తక్కువ దిగుతుంది. వీడియో మీటింగుకు మూడు నాలుగు మెగాబిట్లు సరిపోతాయి. ఒకరు మీటింగులో, ఒకరు పాఠంలో, ఒకరు సినిమాలో ఉన్నా ముప్పైలో సర్దుకోవచ్చు. 2020లో బీఎస్‌ఎన్‌ఎల్ 449 రూపాయలకు ఇచ్చిన ప్లాను ఈ ముప్పైదే. ఏ కంపెనీ అయినా చెప్పిన ధర మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, అదీ కలిపి చూసుకోవాలి. మొత్తం మీద పల్లెటూరి ఇంటికి స్పీడు కొరత కాదు. కొరతంతా ఇంకోచోట ఉంది.

మా సీమలో బోరు వేయించాలనుకున్నవాడు పక్క చేను బోరును వానాకాలంలో చూసి నమ్మడు. చైత్ర వైశాఖాల్లో వెళ్ళి, ఎన్ని ఇంచుల నీళ్ళు పోస్తోందో చూస్తాడు. నెట్టును కూడా అలాగే చూడాలి. అన్నీ బాగున్న రోజు ఏ కంపెనీ అయినా ఒకటే. లైను తెగిన రోజు ఎవరు వస్తారు, ఎక్కడి నుంచి వస్తారు, ఎన్నాళ్ళకు వస్తారు అన్నదాంట్లోనే తేడా అంతా. అదే వీధిలో ముందే పెట్టించుకున్నవాళ్ళను "పోయినసారి తెగితే ఎన్నాళ్ళకు బాగుచేసిరి?" అని అడగాలి. "పొద్దున చెప్తే సందెకు వచ్చిరప్పా" అంటే ఆ కనెక్షను తీసుకోవచ్చు. "ఫోనే ఎత్తరబ్బా, హిందూపురం పోయి ఆఫీసులో కూసుంటే ఐదోనాడు పంపిరి" అంటే, ఎంత చవకైనా వద్దు.

ఈ తీగ మన ఇంటికి ఏ దారిన వస్తుందో తెలిస్తే అది ఎందుకు తెగుతుందో అర్థమవుతుంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ ఒకే రైలు మార్గం మీదున్నాయి. దేశమంతటా రైలు పట్టాల పక్కన ఫైబర్ వేసుకుంటూ వచ్చిన రైల్‌టెల్ 2000లో ఏర్పడింది. ఇళ్ళకు ఇచ్చేదాన్ని రైల్‌వైర్ అంటారు. భారత్‌నెట్ కేంద్ర ప్రభుత్వానిది. 2011 అక్టోబరులో వేరే పేరుతో ఆమోదం పొందింది. పంచాయతీ దాకా తీగ తేవడం దాని పని. మన రాష్ట్రంలోని ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా వచ్చింది. భూమి తవ్వకుండా ఉన్న స్తంభాలకే కేబుల్ కట్టుకుంటూ పోయారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, 15 మెగాబిట్ల నెట్టు అన్నప్పుడు పల్లెల్లో ఎంత ఆశ పుట్టిందో నాకు గుర్తుంది. స్తంభాల దారి పట్టడం మంచి ఆలోచన అనే ఇప్పటికీ నమ్ముతాను. గుట్టలు, రాతి నేల ఉన్న మా ప్రాంతంలో తవ్వుకుంటూ రావాలంటే ఎప్పటికి వచ్చేదో.

అయితే స్తంభం మీద వచ్చిన తీగకు గాలివాన ఉంది, విరిగిపడే కొమ్మ ఉంది, ఎత్తుగా గడ్డి వేసుకుపోయే ట్రాక్టరు ఉంది, కోతులున్నాయి. నేలలో వచ్చినదానికి రోడ్డు వెడల్పు చేసే జేసీబీ ఉంది, నీళ్ళ పైపు కోసం తవ్వే గడ్డపార ఉంది. ఏ దారిలో వచ్చినా దానికో గండం తప్పదు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. పైన కంపెనీ పేర్లు నాలుగున్నా, పల్లెలో స్తంభం నుంచి ఇంటిదాకా వైరు లాగేది తరచుగా ఒకరే: ఊరి కేబుల్ టీవీ ఆపరేటరు. ఫైబర్‌నెట్ ఆయన చేతిమీదుగానే వస్తుంది, రైల్‌వైర్ కూడా అలాగే. బీఎస్‌ఎన్‌ఎల్ కూడా చాలాచోట్ల స్థానిక భాగస్వాములకే పని అప్పగిస్తుంది. కాబట్టి కంపెనీ మార్చినంత మాత్రాన మన కష్టం మారకపోవచ్చు. ఉద్యోగం పోతుందన్న భయంతో రెండు కనెక్షన్లు పెట్టించుకున్న ఇల్లు ఒకటి నాకు తెలుసు. రెండు వైర్లూ ఒకే స్తంభం మీదుగా, ఒకే మనిషి బాక్సులోంచి వచ్చినవి. స్తంభం పడిపోయిన రాత్రి రెండూ కలిసే పోయాయి. రెండోది పెట్టించుకునేవాళ్ళు ఇంకో దారిన వచ్చేదే చూసుకోవాలి. ఒకటి తీగ మీద వస్తే ఇంకోటి టవర్ నుంచి రావాలి.

తెగిన తీగను అతికించడం ఒకసారి దగ్గర నిలబడి చూశాను. పెనుకొండ నుంచి బైకు మీద వచ్చిన కుర్రాడు, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళుంటాయి. స్తంభం మీది నుంచి వేలాడుతున్న కొసను కిందికి లాగి, నల్లటి తొడుగు ఒలిచి, లోపలి రంగు పూతను సన్నటి కత్తెరలాంటి పనిముట్టుతో తీసేశాడు. మిగిలింది గాజు పోగు. దాని మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులోనూ వెలుగు నడిచేది నడిమధ్యన, తొమ్మిది మైక్రాన్ల మేర మాత్రమే, అంటే వెంట్రుకలో పదో వంతు. స్పిరిట్ అద్దిన కాగితంతో దాన్ని తుడిచాడు. కొసను నిటారుగా కోసి, రెండు కొసలనూ మిషనులో ఎదురెదురుగా పెట్టి మూత వేశాడు. చిన్న తెర మీద రెండు గీతలు దగ్గరకు జరిగి, ఒక మెరుపు మెరిసి, ఒకటే గీత అయ్యాయి. పైన చిన్న గొట్టం తొడిగి వేడిచేసి, మీటరు పెట్టి చూశాడు. "ఇరవై ఒకటి వస్తాండాది సార్, ఇంక ఢోకా లేదు" అన్నాడు.

ఆ ఇరవై ఒకటి అంటే మైనస్ ఇరవై ఒకటి. ఇంటికి చేరిన వెలుగు ఎంత బలంగా ఉందో చెప్పే అంకె అది. మూడు అంకెలు దిగితే వెలుగు సగమైపోయినట్టు. మైనస్ ఇరవై ఏడు దాటితే చాలా బాక్సులు ఆ వెలుగును పట్టుకోలేవు, ఎర్ర లైటు వెలుగుతుంది. కనెక్షను పెట్టడానికి వచ్చిన రోజే ఈ అంకె ఎంతో అడిగి, క్యాలెండరు వెనకో గోడ మీదో రాసి పెట్టుకొమ్మని నేను అందరికీ చెబుతాను. పద్దెనిమిది, ఇరవై మధ్యన ఉంటే లైను ఆరోగ్యంగా ఉన్నట్టు. మొదటి రోజే ఇరవై ఆరు చూపిస్తే అది ఇవాళో రేపో పోయే లైనే. దారిలో ఎక్కడో వైరు మరీ వంగిపోయింది, లేదా అతుకులు ఎక్కువయ్యాయి. "నెట్టు స్లోగా ఉంది" అని ఫోను చేస్తే అవతలివాళ్ళు రౌటరు ఆపి వెయ్యమంటారు. "పవర్ ఇరవై నుంచి ఇరవై ఆరుకు పడిపోయింది, ఒకసారి చూడండి" అని చెబితే మనిషిని పంపిస్తారు. ఆ కుర్రాడే నాకు ఈ కిటుకు చెప్పాడు. పల్లెల మధ్య రోజంతా తిరిగే అలాంటివాళ్ళకు ఎండైనా వానైనా సెలవుండదు. అలాంటివాడు దగ్గరలో ఉన్న కంపెనీకి నెలకు వంద ఎక్కువిచ్చినా నష్టం లేదు.

తర్వాత కరెంటు. గాజు తీగలో కరెంటు ఉండదు. ఊరి మధ్య ఒక వెలుగును ముప్పైరెండు ఇళ్ళకో అరవైనాలుగు ఇళ్ళకో పంచే చిన్న పెట్టెకు కూడా కరెంటు అక్కర్లేదు. కరెంటు కావాల్సింది రెండు చివర్లలోనే, మన ఇంట్లో ఒకటి, ఆపరేటరు గదిలో ఇంకోటి. మన వైపు సంగతి తేలిక. రౌటరుకు పన్నెండు వోల్టులు చాలు కాబట్టి, వెయ్యి, రెండు వేల రూపాయల చిన్న బ్యాటరీ పెట్టె కొన్ని గంటలు నడిపిస్తుంది. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో అదీ అక్కర్లేదు. అవతలి చివరే ముఖ్యం. ఆపరేటరు గదిలో బ్యాటరీ లేకపోతే మన ఇంట్లో ఎన్ని ఉన్నా వృథా. "కరెంటు పోతే మీ ఆఫీసులో ఎంతసేపు నడుస్తుంది?" అని అడిగినప్పుడు తడుముకోకుండా జవాబు చెప్పే ఆపరేటరు నమ్మదగినవాడు. కొందరు ఇంకా పాత పద్ధతిలో, దారిపొడవునా ఇళ్ళ గోడలకు కరెంటుతో నడిచే చిన్న పెట్టెలు తగిలించి, వాటి మీదుగా నెట్టు ఇస్తుంటారు. అక్కడ మధ్యలో ఒక్క ఇంట్లో ఫ్యూజు పోయినా మన ఇంట్లో నెట్టు పోతుంది. ధర తక్కువని దానికి ఒప్పుకోవద్దు.

ధర్మవరంలో మగ్గం మీద బతికే ఒక ఇంట్లో కూర్చున్నప్పుడు నాకు అసలు కొలత ఇంకోటి తెలిసొచ్చింది. ఆ ఇంటాయన చీర కొంగును వీడియో కాల్‌లో బెంగళూరు కొనుగోలుదారుకు చూపిస్తున్నాడు. "అంచు రంగు కాస్త వెలుతురులోకి పట్టండన్నా" అని అవతలి గొంతు. ఆయన కిటికీ దగ్గరికి జరిగి, బుట్టా కనిపించేలా రెండు చేతులా పట్టుకున్నాడు. అంతలోనే అవతలివాళ్ళకు బొమ్మ నిలిచిపోయింది. నిలిచిన బొమ్మలో మిరపపండు ఎరుపు ఇటుకరంగులా కనిపిస్తోందట. ఇంట్లో సినిమాలు బాగానే ఆడుతున్నాయి, కరపత్రంలో చెప్పిన వంద కూడా వస్తోంది. కానీ అది దిగే స్పీడు. ఎక్కే స్పీడు అందులో పిసరంత. బట్ట చూపించి అమ్ముకునేవాళ్ళకు, ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్ళకు, పాఠాలు చెప్పేవాళ్ళకు ఎక్కే స్పీడే అన్నం పెట్టేది. అది ఎంతో కరపత్రంలో వెతికినా సాధారణంగా దొరకదు, నోరు విప్పి అడగాలి. ఫైబరులో రెండు వైపులా సమానంగా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్‌లోనో రామనగరంలోనో ఇవాళ కిలో ఎంత పలికిందో చూసుకునే రైతుకు మాత్రం ఇదంతా అక్కర్లేదు, ఫోనులో ఉన్న నెట్టే చాలు. ఎవరి పని ఏమిటో తెలియకుండా అందరికీ ఒకే ప్లాను చెప్పకూడదనేది అందుకే.

ఇంటి గోడల సంగతి కూడా చెప్పాలి. మా వైపు పాత ఇళ్ళకు రాతి గోడలు, మూరెడు మందం ఉంటాయి. పైన బండల మిద్దె. ఎండాకాలంలో ఆ ఇంట్లో ఉన్న చల్లదనం ఏ కొత్త ఇంటికీ లేదు. కానీ వైఫై ఆ గోడ దాటి పోలేదు. నడవలో రౌటరు పెడితే వంటింట్లో సిగ్నల్ ఉండదు. దానికి పెద్ద ప్లాను తీసుకున్నవాళ్ళను చూశాను, డబ్బు దండగ. ఇంటి లోపల ఒక మామూలు వైరు లాగి, అవతలి గదిలో ఇంకో చిన్న రౌటరు పెట్టుకుంటే సరిపోతుంది. కనెక్షను ఇవ్వడానికి వచ్చినవాళ్ళు వాకిట్లో, వైరు పొదుపయ్యే చోట బాక్సు బిగించి పోతుంటారు. నాలుగు గజాలు ఎక్కువ వైరైనా సరే, ఇంటి నడిమధ్యకు తెమ్మని ముందే చెప్పాలి.

తీగే వద్దనుకునేవాళ్ళకు ఇప్పుడు మిద్దె మీద డబ్బా దారి వచ్చింది. దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. మరుసటి ఏడు ఆగస్టులో ఎయిర్‌టెల్, సెప్టెంబరు 19న వినాయక చవితి నాడు జియో, ఎయిర్‌ఫైబర్ పేరుతో ఇళ్ళకు నెట్టు ఇవ్వడం మొదలుపెట్టాయి. జేసీబీ భయం లేదు, కోతి భయం లేదు. టవరు కంటికి కనిపించే ఊళ్ళకు ఇది మంచి వరం. అయితే ఆ టవరును ఊరంతా పంచుకుంటుంది. రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు, క్రికెట్ ఆడే రోజుల్లో ఎట్లా ఉంటుందో పొరుగింట్లో చూశాకే ఒప్పుకోవాలి. కొండలు కూడా అడ్డం. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండను రాజధాని చేసుకున్నది ఆ కొండ అండ చూసుకునే. శత్రువును ఆపిన కొండే ఇప్పుడు వెనక వైపు పల్లెలకు సిగ్నల్‌ను ఆపుతోంది. గుట్ట ఇవతల ఉన్న ఊరికి బ్రహ్మాండంగా వచ్చేది, అవతల కిలోమీటరు దూరంలో ఉన్న ఊరికి రాదు. టవరుకు మన మిద్దెకు మధ్య ఏముందో మిద్దెక్కి చూసుకోవడమే దానికి పరీక్ష. అటువంటి ఊళ్ళకు ఉపగ్రహాల నెట్టు వస్తుందంటున్నారు. స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో కేంద్రం లైసెన్సు ఇచ్చింది. పాతకాలపు ఉపగ్రహాలు దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండేవి, మాట పోయి రావడానికే ఆలస్యమయ్యేది. ఇవి 550 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి కాబట్టి ఆ ఇబ్బంది ఉండదు. ధర మా రైతుకు అందుబాటులో ఉంటేనే ఉపయోగం.

నాకు మనసులో మెదిలేది మాత్రం మజరాల గురించి. పంచాయతీ దాకా తీగ వచ్చింది అని లెక్కల్లో రాసుకుంటారు. పంచాయతీ ఆఫీసు ఉన్న ఊరికి రెండు, మూడు కిలోమీటర్ల దూరంలో ఇరవై ముప్పై ఇళ్ళ మజరాలు ఉంటాయి. ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం వచ్చాక హైవే పక్క ఊళ్ళకు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కనెక్షను ఇస్తామంటున్నారు. లోపలి మజరాలో అడిగే దిక్కు లేదు. పైగా ఉన్న లైన్లు చాలావరకు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి గొలుసులా పోతాయి. మొదటి ఊరి దగ్గర తెగితే చివరి ఊరిదాకా అందరికీ పోతుంది. 2023 ఆగస్టులో కేంద్రం 1,39,579 కోట్లతో భారత్‌నెట్‌ను సవరించినప్పుడు ఈ గొలుసులను రింగులుగా మార్చాలని నిర్ణయించింది. రింగు అయితే ఒకచోట తెగినా వెలుగు రెండో వైపు నుంచి తిరిగి వస్తుంది. అడిగిన మజరాలకు కూడా ఇవ్వాలని అందులో ఉంది. ఆ ప్రకటనలో నాకు బాగా నచ్చిన మాట ఈ రింగే. స్పీడు పెంచుతామని చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు, తెగిన రోజును ముందే ఆలోచించినవాళ్ళు తక్కువ.

ఇంగ్లండులో లాంకషైర్ పల్లెల రైతులు 2011లో బి4ఆర్‌ఎన్ అనే సంఘం పెట్టుకున్నారు. పెద్ద కంపెనీలు రాకపోతే తామే తమ పొలాల్లో కాలువలు తీసి ఫైబర్ వేసుకున్నారు. పొలం ఇచ్చినవాడు నష్టపరిహారం అడగలేదు, తవ్వగలిగినవాడు తవ్వాడు. ఎండిన చెరువుల్లో శ్రమదానంతో పూడిక తీసుకున్న మా ఊళ్ళకు ఇది కొత్త విద్యేం కాదు. పైగా మాకు తవ్వే పని కూడా లేదు, కరెంటు స్తంభాలు ప్రతి మజరాకూ ఉన్నాయి.

మా పక్క మజరాలో బీటెక్ చదివిన అమ్మాయి ఉంది. బెంగళూరు కంపెనీ ఇంటి నుంచి పని చేసుకోమంది. ఆ అమ్మాయి రోజూ మా ఊరికి స్కూటీ మీద వచ్చి, చిన్నాయన వాళ్ళింట్లో కూర్చుని పని చేసుకుని చీకటి పడేలోగా వెళ్తుంది. ఆపరేటరును అడిగితే, పది ఇళ్ళు చేరితే మజరాకు వైరు లాగుతానన్నాడు. ఇంటింటికీ తిరిగి పేర్లు రాస్తున్నాం. ఇంకా రెండు మూడు ఇళ్ళు కావాలి. పాల కేంద్రాన్ని కూడా ఒక ఇల్లుగా లెక్కపెట్టమని అడిగాం, సరేనన్నాడు. నేను ఇంకోటి కూడా అడిగాను. మా ఊరి లైనుకు కొసగా కలపకుండా, అవతల చెరువు కట్ట మీది స్తంభాల వెంట రోడ్డు దాకా తీసుకుపొమ్మన్నాను. వైరు ఖర్చు కొంచెం ఎక్కువవుతుంది. ఆ తేడా మేమందరం తలా ఇంత వేసుకుంటామన్నాం. ఆయన నోటుపుస్తకం తీసి, రెండు దారుల్లో ఎన్ని స్తంభాలు పడతాయో లెక్క వేసుకుంటున్నాడు.